పుస్తకం షెల్ఫ్‌లో ఉంది, సెర్చ్‌లో లేదు

ప్రశ్న: మా లైబ్రరీ కేటలాగ్ ఆన్‌లైన్‌లో పెట్టాం. టైటిల్, రచయిత, పబ్లిషర్, సబ్జెక్ట్ అన్నిటికీ విడివిడిగా బాక్సులున్నాయి. అయినా ఉన్న పుస్తకాలే దొరకట్లేదని పాఠకులు కౌంటర్‌కొచ్చి అడుగుతున్నారు. ఇంకా ఏ ఫీచర్లు పెట్టాలండీ?

జవాబు: కొత్త ఫీచర్ల సంగతి తర్వాత చూద్దామండీ, ముందు సెర్చ్ లాగ్ (పాఠకులు ఏమేం వెతికారో సిస్టమ్ రాసిపెట్టుకునే జాబితా) తీసి ఫలితాలు సున్నా వచ్చినవన్నీ ఒక్కొక్కటే చదవండి, మీ జబ్బు సగం అక్కడే బయటపడుతుంది. పాఠకుడు ‘వ్యవసాయం’ అని కొడతాడు, మీ రికార్డులో ‘వ్యవసాయము’ అని ఉంటుంది, ఇంకొకాయన ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు కొడతాడు, మెషీన్‌కి ఈ మూడూ వేరువేరు. కంటికి ఒకేలా కనిపించేవీ ఉంటాయి, యూనికోడ్‌లో, అంటే కంప్యూటర్ ఒక్కో అక్షరానికి ఇచ్చుకునే కోడ్ పద్ధతిలో, ఐత్వాన్ని ఒకే కోడ్‌గానూ రాయొచ్చు, రెండు ముక్కలుగానూ రాయొచ్చు, అందుకే రికార్డుల్ని ఇండెక్స్ చేసేటప్పుడూ (వెతకడానికి వీలుగా పేర్చేటప్పుడూ) వెతికేటప్పుడూ రెండువైపులా ఒకే రూపంలోకి మార్చాలి, ఒకవైపే చేస్తే లాభం లేదు. ఐఎస్‌బీఎన్‌లో, అంటే పుస్తకానికిచ్చే గుర్తింపు నంబర్‌లో, గీతలు తీసేసి పోల్చండి, 2007 నుంచి 13 అంకెలైంది కాబట్టి పాత 10 అంకెల నంబర్ కొట్టినా అదే పుస్తకం రావాలి.

రచయిత పేర్ల దగ్గర ఇంకా కష్టం. ఇంటిపేరు ముందా వెనకా, ఇనీషియల్ తర్వాత చుక్క ఉందా లేదా, కలం పేరా అసలు పేరా, ఇవన్నీ ఒకే మనిషికి ముడిపెట్టే అథారిటీ ఫైల్ మాత్రం తప్పకుండా ఉండాలి, దాన్ని ఏ తెలివైన సెర్చ్ ఇంజనూ మీ తరఫున తయారుచేసి పెట్టదు. కేటలాగ్ నియమాలు రాసిన అమెరికన్ లైబ్రేరియన్ చార్లెస్ కట్టర్ 1876లోనే చెప్పాడు, రచయితో టైటిలో సబ్జెక్టో ఏది తెలిసినా పుస్తకం దొరకాలని. మీరు నాలుగు బాక్సులిచ్చి ఏది ఎక్కడ కొట్టాలో పాఠకుడి నెత్తిన పెట్టారు, అది నాకు నచ్చలేదండీ. ముందు ఒక్క బాక్సు చాలు, అన్ని ఫీల్డుల్లోనూ వెతకనివ్వండి, వివరంగా వెతికేవాళ్ళకి ఆ నాలుగూ పక్కన లింక్‌లో ఉంచండి.

ఫలితాల వరసలో టైటిల్ అచ్చంగా కలిసినది పైకి రావాలి, లేకపోతే ఒక్క మాటే టైటిల్‌గా ఉన్న పుస్తకం వందలాది రికార్డుల కింద పడిపోతుంది. భాష, సంవత్సరం, రచయిత ఫిల్టర్లు ఫలితాలొచ్చాక పక్కన చూపించండి, ఒక్కోదాని పక్కన ఎన్నున్నాయో అంకె వేసి. ఏమీ దొరక్కపోతే ఖాళీ పేజీ వద్దు, దగ్గరి స్పెల్లింగ్ సూచించండి, కానీ అడక్కుండా మార్చెయ్యకండి. పుస్తకం లైబ్రరీలో ఉందా, ఎవరైనా తీసుకెళ్ళారా అన్నది కూడా ఆ లిస్టులోనే కనపడాలి, దానికోసం ఇంకో పేజీ తెరిపించొద్దు.