ప్రేమించిన నవలను రెండోసారి చదవడం: ఒక యువ రచయిత్రికి లేఖ

చిరంజీవికి,

ఆశీస్సులు. నాలుగు పేజీల నీ ఉత్తరంలో మూడున్నర పేజీలు నీకు నచ్చిన ఆ నవల గురించే ఉన్నాయి. నువ్వు రాస్తున్న నవల గురించి చివర్న పది వాక్యాలే రాశావు. నీకు నచ్చిన నవలలో, తప్పిపోయిన స్నేహితురాలిని వెతికే పదిహేడేళ్ళ అమ్మాయి, తనకు తోడుగా వచ్చిన అబ్బాయినే అనుమానించవలసి వచ్చిన చోట పుస్తకం మూసేసి గదిలో పచార్లు చేశానన్నావు. ఇప్పుడు ఏ వాక్యం రాసినా ఆ రచయిత్రి గొంతే వినిపిస్తోందని దిగులుపడ్డావు. దానికి నాకు తెలిసిన మందు ఒక్కటే: ఆ నవలను దూరం పెట్టకుండా మళ్ళీ చదవడం.

మొదటిసారి నువ్వు జవాబు కోసం పరుగెత్తావు. రెండోసారి జవాబు ముందే తెలుసు కాబట్టి పనితనం కనబడుతుంది. వాళ్ళిద్దరూ కలిసి ఉన్న ప్రతి సన్నివేశం పక్కన పెన్సిలుతో రెండు సంగతులు రాసుకో: ఇక్కడ ఆ అమ్మాయి మనసు ఎటు కదిలింది, ఇక్కడ నేరం గురించి నాకేం తెలిసింది. మంచి నవలలో ఈ రెండూ చాలాసార్లు ఒకే వాక్యం దగ్గర కలుస్తాయి. ఉదాహరణకు, వానలో తడిసిన అమ్మాయికి అబ్బాయి తన కోటు ఇస్తాడు. వెచ్చదనం కోసం జేబులో చెయ్యి పెడితే, ఆ రోజు తాను వెళ్ళనేలేదని అతను చెప్పిన ఊరి బస్సు టికెట్టు తగులుతుంది. ఆమె ఏమీ అడగకుండా దాన్ని తిరిగి జేబులోనే పెట్టేస్తుంది. కథ సాగాలి కాబట్టి రచయిత ఆమె నోరు నొక్కాడనిపిస్తే పాఠకుడికి కోపం వస్తుంది. అడిగితే అతను తనకు దక్కడేమోనన్న భయంతో ఆమే నోరు మూసుకుందనిపిస్తే పాఠకుడు ఆ మౌనాన్ని క్షమించడమే కాదు, అందులో తనూ పాలుపంచుకుంటాడు.

ప్రేమ, నేరపరిశోధన అనే ఈ రెండు రసాలకు ఒకప్పుడు బొత్తిగా పొసగదన్నారు. అమెరికన్ డిటెక్టివ్ రచయిత ఎస్. ఎస్. వాన్ డైన్ 1928లో డిటెక్టివ్ కథలకు ఇరవై నియమాలు ప్రకటిస్తూ, మూడో నియమంలోనే ప్రేమ వ్యవహారాన్ని నిషేధించాడు. అదే సంవత్సరం ఇంగ్లీషు డిటెక్టివ్ నవలల రచయిత్రి డొరొతీ సేయర్స్ కూడా ప్రేమకథను ఈ ప్రక్రియకు పడిన సంకెలగానే వర్ణించింది. రెండేళ్ళకే, 1930లో వచ్చిన తన నవలలో ఆమె సృష్టించిన డిటెక్టివే హత్యానేరంపై బోనులో నిలబడిన స్త్రీని ప్రేమించాడు! ఆ విమర్శను నేను కొట్టిపారేయను. దర్యాప్తు ఆపి నాయికా నాయకులు వెన్నెల్లో నాలుగు పేజీలు తిరిగి వస్తే, పాఠకుడు ఆ పేజీలు తిప్పేస్తాడు. అయితే యౌవనం గుమ్మంలో నిలబడిన పాత్రలకు ఈ రెండు దారులూ వేరు కావు. ఇతన్ని నమ్మవచ్చా అన్నదే ప్రేమలోనూ ప్రశ్న, నేరంలోనూ ప్రశ్న. పైగా ఆ వయసులో తన అంచనాను తానే నమ్మలేని పరిస్థితి ఉంటుంది.

నీ నవలను నాయికే స్వయంగా చెబుతున్నట్టు రాస్తున్నావు కనుక ఇంకో జాగ్రత్త. మరో ఇంగ్లీషు డిటెక్టివ్ రచయిత రోనాల్డ్ నాక్స్ 1929లో పెట్టిన పది నియమాలలో, డిటెక్టివ్ పక్కనుండి కథ చెప్పే స్నేహితుడు తన మనసులోకి వచ్చిన ఆలోచనలను పాఠకుడి దగ్గర దాచకూడదన్నది ఒకటి. నేనది పట్టించుకోక, నా తొలి మిస్టరీలో నాయికకు తెలిసిన ఒక విషయాన్ని నలభై పేజీలపాటు దాచాను. నన్ను మోసం చేశారంటూ ఒక పాఠకురాలు కార్డు రాసింది. అది ఇప్పటికీ నా దగ్గర ఉంది. నాయిక చూసినదంతా పాఠకుడికీ చూపించు, ప్రేమ వల్ల ఆమె దాన్ని తప్పుగా అర్థం చేసుకోనివ్వు. ఆ టికెట్టు ఎవరో స్నేహితుడిదై ఉంటుందని ఆమె తనకు తాను నచ్చజెప్పుకుంటే, నువ్వేమీ దాచినట్టు కాదు. అయినా రహస్యం నిలుస్తుంది.

పోలీసులూ తల్లిదండ్రులూ ఎందుకు కలగజేసుకోరన్నది అడిగావు. మొదటి అధ్యాయాలలోనే ఒక బలమైన కారణం చెప్పి వదిలెయ్యి. దాని మీద అంతకన్నా సిరా ఖర్చు పెట్టనక్కరలేదు.

నిన్ను అసలు వేధిస్తున్న ప్రశ్న, చివరికి ఆ అబ్బాయిని నేరస్థుడిని చెయ్యాలా వద్దా అన్నది. ఏది చేసినా నాకు అభ్యంతరం లేదు. అతను నిర్దోషి అని తేలిన మరుక్షణం ఇద్దరూ చేతులు పట్టుకుని నడిచిపోయే ముగింపును మాత్రం నేను నమ్మలేను. ఆమె తనను అనుమానించిందని అతనికి తెలుసు. అతను అబద్ధమాడాడని ఆమెకు తెలుసు. హంతకుడు దొరికాక కూడా వాళ్ళ మధ్య ఆ లెక్క తేలకుండానే ఉంటుంది. నీకు నచ్చిన నవల చివరి అధ్యాయంలో రచయిత్రి దీన్ని ఎలా తేల్చిందో, లేక ఎలా తప్పించుకుందో, పెన్సిలు పట్టుకుని చూడు. తప్పించుకుందని తేలితే ఆ పుస్తకం మీద ప్రేమ కొంచెం తగ్గవచ్చు. నీ గొంతు బయటికి రావడానికి సందు దొరికేదీ అక్కడే.

నీ చిత్తుప్రతి మొత్తం పంపవద్దు, నా కళ్ళు ఒప్పుకోవు. నీ నాయిక అడగవలసినది అడగకుండా ఊరుకున్న అధ్యాయం ఒక్కటి పంపు. అది ఇంకా రాయలేదంటే, ముందు అదే రాయి.

శుభాకాంక్షలతో,
నీ శ్రేయోభిలాషి