విదేశంలో ఫోను: పాత నంబరా, కొత్త సిమ్మా?

ప్రశ్న: త్వరలో కొన్ని వారాల పాటు ఫ్రాన్స్, స్విట్జర్లాండ్ దేశాలకు వెళ్తున్నాను. బ్యాంకు ఓటీపీలన్నీ ఇప్పటి నంబరుకే వస్తాయి కనుక దానిని ఆపలేను. రోమింగులో ఉంచితే బిల్లు ఎంతవుతుందోనని భయంగా ఉంది. అక్కడి సిమ్ తీసుకోవడం మేలా? తీసుకుంటే నా వాట్సాప్ ఏమవుతుంది?

జవాబు: రెంటిలో ఒకదానినే ఎంచుకోవలసిన అవసరం లేదు. మీ ఫోనులో రెండు సిమ్‌లు పనిచేస్తే, పాత నంబరును కాల్స్‌కూ ఎస్సెమ్మెస్‌లకూ ఉంచి, ఇంటర్నెట్‌ను మాత్రం మరో సిమ్ ద్వారా వాడుకోవడమే ఉత్తమమని నా అభిప్రాయం. రోమింగులో బిల్లు పెరిగేది చాలావరకు డేటా వల్ల. అందులోనూ మనం కావాలని వాడినదానికన్నా, ఫొటోలను క్లౌడ్‌లోకి ఎక్కించడానికీ యాప్‌లను అప్‌డేట్ చేయడానికీ ఫోను తనంతట తాను వాడేసేదే ఎక్కువ కావచ్చు. అందుకని విమానం ఎక్కకముందే పాత సిమ్‌కు డేటా రోమింగును ఆపివేయండి. దాని వల్ల కాల్స్, ఎస్సెమ్మెస్‌లు ఆగవు. అయితే అవి అందాలంటే మీ ఆపరేటరు వద్ద అంతర్జాతీయ రోమింగ్ సేవ ప్రారంభమై ఉండాలి. ఆ పని ఇంటి దగ్గరే ముగించుకోండి. అక్కడ దిగాక సిగ్నల్ రాకపోతే, సేవ ప్రారంభించడానికి కావలసిన ఓటీపీ కూడా మీకు చేరదు.

చాలామంది గమనించని ఖర్చు కాల్ ఫార్వర్డింగ్‌తో వస్తుంది. మీరు ఎత్తని కాల్ వాయిస్‌మెయిల్‌కు మళ్లేలా అమర్చి ఉంటే, ఆ కాల్ మీ దేశం నుంచి మీరున్న చోటికి వచ్చి తిరిగి మీ దేశానికే వెళ్తుంది కాబట్టి, మీరు ఒక్క మాటా మాట్లాడకుండానే రెండు వైపులా రుసుము పడవచ్చు. ##002# డయల్ చేస్తే సాధారణంగా ఫార్వర్డింగులన్నీ రద్దవుతాయి.

రెండో సిమ్ విషయంలో ఈ-సిమ్, అంటే కార్డు లేకుండా నేరుగా ఫోనులోకి దించుకునే సిమ్, సులువు. *#06# డయల్ చేసినప్పుడు ఫోను గుర్తింపు సంఖ్య అయిన ఐఎమ్ఈఐతో పాటు ఈఐడీ అనే సంఖ్య కూడా కనిపిస్తే మీ ఫోనులో ఆ సదుపాయం ఉన్నట్టే. దానిని దించుకోవడానికి ఇంటర్నెట్ కావాలి కనుక బయల్దేరే ముందే వైఫైలో ఎక్కించుకోండి. ఫోను ఒకే ఆపరేటరుకు లాక్ అయి ఉండకూడదు.

ప్లాను కొనేటప్పుడు అది వర్తించే దేశాల జాబితాను తప్పక చదవండి. 2017 జూన్ 15 నుంచి యూరోపియన్ యూనియన్‌లో ఒక దేశపు సిమ్‌ను మిగతా సభ్య దేశాల్లో అదనపు రుసుము లేకుండా, కొన్ని పరిమితులకు లోబడి వాడుకోవచ్చు. స్విట్జర్లాండ్ ఆ యూనియన్‌లో లేదు. ఫ్రాన్స్‌లో కొన్న సిమ్ అక్కడ కూడా అదే ధరకు పనిచేయాలంటే, ప్లానులో ఆ దేశం పేరు విడిగా ఉండాలి. సరిహద్దుకు దగ్గరగా ఉన్నప్పుడు, మీరు ఒక దేశంలో ఉండగానే ఫోను పొరుగు దేశపు టవరును పట్టుకోగలదు. అలాంటి చోట నెట్‌వర్కును ఆటోమేటిక్‌గా వదలకుండా మీరే ఎంచుకోండి.

వాట్సాప్ ఖాతా నమోదైన నంబరుకు ముడిపడి ఉంటుంది, ఇంటర్నెట్ ఏ సిమ్‌ది అన్నదానితో దానికి పని లేదు. నంబరు మార్చుకుంటారా అని అడిగితే ఒప్పుకోకండి. పాత నంబరుతోనే కొత్త డేటా మీద ఇంటివారితో మాట్లాడుకోవచ్చు.

ప్రశ్న: డేటా అయిపోతే మ్యాప్ చూసుకునే వీలుంటుందా?

జవాబు: ఉంటుంది. మీరెక్కడున్నారో ఫోను ఉపగ్రహాల సంకేతాల ద్వారా తెలుసుకుంటుంది, దానికి డేటా అక్కరలేదు. డేటా కావలసింది పటం బొమ్మకే. ఆయా ప్రాంతాల పటాలను వైఫై ఉన్నప్పుడే ఆఫ్‌లైన్‌లో దించి పెట్టుకుంటే దారి చూసుకోవచ్చు, కానీ ట్రాఫిక్ వివరాలు మాత్రం కనిపించవు.