సంఘం విడిచిన పాస్టరు రాసింది చదవొచ్చా?

ప్రశ్న: అన్నా, వందనాలు. మాది దేవరకొండ దగ్గర ఊరు. అమ్మ పెళ్లయి వచ్చినప్పటి నుంచి మా ఇల్లు సెవెంత్ డే అడ్వెంటిస్ట్ సంఘంలోనే ఉంది. హైదరాబాద్‌లో ఉద్యోగం చేసే మా తమ్ముడు ఈ మధ్య కాన్‌రైట్ అనే పాతకాలం అమెరికా పాస్టరు పుస్తకం చదివి, శనివారం పని మానేసే సబ్బాతు అక్కర్లేదు, మా సంఘం మొదలుపెట్టినవాళ్లలో ఒకరైన ఎలెన్ వైట్ దర్శనాలు నిజం కావు, ఇదంతా లోపల ఉన్న మనిషే రాసిండు అంటున్నాడు. మొన్న శనివారం పొద్దున స్టవ్ వెలిగించి చాయ్ పెట్టుకున్నాడు. అమ్మ ఒక్క మాట అనకుండా వచ్చి స్టవ్ బంద్ చేసి పోయింది. అప్పటి నుంచి ఇద్దరికీ మాటల్లేవు. పాస్టరు గారిని అడిగితే, సంఘం విడిచినవాడి పుస్తకం ఇంట్లో ఉంచొద్దు అన్నారు. చాలా టెన్షన్‌గా ఉంది. ఆయన ఎవరు? సంఘం ఆయనకు ఏమైనా జవాబు చెప్పిందా?
– ఒక సోదరి

జవాబు: చెల్లెమ్మా, వందనాలు. ముందే ఒక మాట. మాది నల్లగొండ జిల్లాలో తాతల నాటి బాప్టిస్టు ఇల్లు, కాన్‌రైట్ కూడా అడ్వెంటిస్ట్ సంఘం విడిచి బాప్టిస్టుల్లోనే చేరాడు. కాబట్టి నా మాటల్లో ఎక్కడైనా మొగ్గు కనిపిస్తే ఆ మేరకు తీసేసి చదువుకోండి.

డడ్లీ కాన్‌రైట్ 1840లో మిషిగన్ రాష్ట్రంలో పుట్టాడు. 1865లో అభిషేకం పొంది 22 ఏళ్లు అడ్వెంటిస్ట్ బోధకుడిగా పనిచేశాడు, సంఘం మొత్తాన్ని నడిపే జనరల్ కాన్ఫరెన్స్ కార్యవర్గంలో కూడా కూర్చున్నాడు, అంటే ఏదో మూలన ఉన్న చిన్న పాస్టరు కాదు. 1887లో బయటికి వచ్చాడు, 1889లో పుస్తకం వేశాడు. మోషే ధర్మశాస్త్రం కింద ఇచ్చిన సబ్బాతు క్రైస్తవులకు వర్తించదన్నాడు. ఎలెన్ వైట్ తొలి దర్శనాల మీద కూడా గట్టిగా రాశాడు. 1844 అక్టోబర్ 22న క్రీస్తు వస్తాడని ఎదురుచూసి, రాకపోయేసరికి కుంగిపోయినవాళ్లలో కొందరు, ఇక లోకానికి రక్షణ తలుపు మూసుకుపోయిందని కొన్నాళ్లు నమ్మారు. ఆమె తొలి దర్శనం ఆ నమ్మకాన్నే బలపరిచిందనీ, 1851లో మళ్లీ అచ్చు వేసినప్పుడు ఆ వాక్యాలు తీసేశారనీ ఆయన వాదన.

సంఘం ఊరుకోలేదు. తన పత్రికలో వెంటనే జవాబులు అచ్చు వేసింది, ఆయన పోయాక 1933లో కూడా ఆ వాదనలకు సమాధానంగా ఒక పుస్తకమే తెచ్చింది. ఆ తొలి వాక్యాల సంగతి వాళ్లూ దాచలేదు, పాత ప్రతుల్ని మళ్లీ అచ్చు వేశారు, 'మూసిన తలుపు' అన్న మాటను మొదట అర్థం చేసుకున్న తీరు తర్వాత మారిందని చెప్పారు. ఈ జవాబు నాకు పూర్తిగా సరిపోలేదు. కానీ అది జవాబే, ఆయన లేవనెత్తిన విషయం మీద ఇచ్చిన జవాబు.

నాకు బాధ కలిగేది దాంతోపాటు నడిచిన ఇంకో జవాబు. ఆయన స్థిరం లేని మనిషి, అంతకుముందు కూడా బోధించడం మానేసి మళ్లీ వచ్చి తప్పు ఒప్పుకున్నాడు, పేరు మీద ఆశ ఎక్కువ అని. మానేసి తిరిగి రావడం నిజమే. అయితే మాత్రం, 1851లో ఆ వాక్యాలు ఉన్నాయా తీసేశారా అన్నదానికి ఆయన స్వభావంతో ఏం పని? మా ఊరి సంఘంలో ఒకాయన ప్రశ్నలడిగి అడిగి చివరికి పెంతెకోస్తు వాళ్లలో కలిశాడు. ఆయన అప్పుల సంగతి నేను చిన్నప్పుడు ఇరవై సార్లన్నా విన్నాను, ఆయన అడిగిన ప్రశ్న ఏమిటో మాత్రం ఈ రోజు వరకూ నాకెవరూ చెప్పలేదు.

మీ తమ్ముడు చేస్తున్నది కూడా ఇదే పొరపాటు, వేరే వైపు నుంచి. లోపల ఉన్న మనిషి కాబట్టి నిజమే చెప్తాడు అనడం కూడా మనిషిని చూసి తీర్పు ఇవ్వడమే కదా. లోపల ఉన్నవాడికి సంగతులు ఎక్కువ తెలుస్తాయి, కోపం కూడా ఎక్కువ ఉంటుంది, రెండూ కలిసే పేజీ మీదికి వస్తాయి.

సంఘం బాగా జవాబిచ్చిన సందర్భం ఒకటి చెప్తాను. కాలిఫోర్నియాలో వాల్టర్ రే అనే అడ్వెంటిస్ట్ పాస్టరు, ఎలెన్ వైట్ ఇతరుల పుస్తకాల నుంచి చాలా ఎత్తి రాసిందని ఆధారాలు పోగు చేశాడు. 1980లో ఆయన పదవి పోయింది, 1982లో పుస్తకం వేశాడు. సంఘం ఒకవైపు ఒక లాయరును పెట్టి, చట్టప్రకారం అది కాపీరైట్ నేరం కాదని అభిప్రాయం తెప్పించుకుంది. విశ్వాసి అడిగింది చట్టం గురించి కాదు కాబట్టి దాంతో ఎవరి మనసూ కుదుటపడి ఉండదు. కానీ అంతటితో ఆగలేదు. ఫ్రెడ్ వెల్ట్‌మన్ అనే తమ పండితుడికే పని అప్పజెప్పింది, యేసు జీవితం మీద ఆమె రాసిన గ్రంథంలో 15 అధ్యాయాలు తీసుకుని, వాక్యం వాక్యం పక్కపక్కన పెట్టి చూడమని. ఎనిమిదేళ్లు పట్టింది. 1988లో వచ్చిన నివేదికలో, ఆ వాక్యాల్లో సుమారు 31 శాతం ఏదో ఒక మేరకు వేరేవాళ్ల రాతల మీద ఆధారపడ్డాయని ఉంది. తమకు కష్టమైన లెక్కను తమ డబ్బుతోనే తేల్చి తామే బయటపెట్టారు. ఆమె ఎంచుకున్న తీరులో, కూర్చిన తీరులో సొంత ముద్ర ఉందని కూడా ఆ పండితుడే రాశాడు. మీ తమ్ముడు ఇద్దరు విమర్శకుల్ని చదివితే ఈ నివేదిక కూడా చదవాలి, మీ పాస్టరు గారు కూడా చదవాలి.

ఇంకొకటి, విమర్శించిన ప్రతివాడూ అన్నీ వదిలేయలేదు. ఆస్ట్రేలియాకు చెందిన డెస్మండ్ ఫోర్డ్ అనే బోధకుడు, బైబిల్లో దానియేలు 8:14లోని 2300 దినాల లెక్కతో 1844లో పరలోకంలో తీర్పు మొదలైందన్న సిద్ధాంతాన్ని కాదని 991 పేజీలు రాశాడు. 1980 ఆగస్టులో కొలరాడోలో వందకు పైగా నాయకులు, పండితులు కూర్చుని దాన్ని చర్చించారు, తర్వాత ఆయన పదవి తీసేశారు. ఆయన మాత్రం 2019లో చనిపోయేదాకా శనివారం సబ్బాతు పాటిస్తూనే ఉన్నాడు.

ఇక ఇంటి సంగతి. పుస్తకం బయట పారేయకండి. పారేస్తే అందులో ఉన్నదానికి మన దగ్గర జవాబు లేదని మీ తమ్ముడికి మనమే చెప్పినట్టు అవుతుంది. కానీ చాయ్ సంగతి వేరు, అది వాదన కాదు. శుక్రవారం పొద్దు గూకక ముందే రొట్టెలు చేసి, పప్పు దించి, గుడ్డ కప్పి పెట్టుకునే ఆడమనిషి ముందు శనివారం పొద్దున స్టవ్ వెలిగించడమంటే ఆమె నలభై ఏళ్ల జీవితాన్ని మాట్లాడకుండా కొట్టేయడమే. అంతగా తాగాలనిపిస్తే సెంటర్‌లో హోటల్ ఉంది, పోయి తాగి రమ్మనండి. నేను చెప్పానని చెప్పండి.

ప్రశ్న: ఎలెన్ వైట్ అంత్యక్రియలకు కాన్‌రైట్ వెళ్లి ఏడ్చాడట, అంటే చివరికి పశ్చాత్తాపపడ్డట్టే కదా?
– ఒక పాఠకుడు, నాగర్‌కర్నూల్

జవాబు: వెళ్లిన మాట నిజం. 1915 జూలైలో బాటిల్ క్రీక్‌లో జరిగిన అంత్యక్రియలకు వెళ్లాడు. శవపేటిక దగ్గర నిలబడి, గొప్ప క్రైస్తవ స్త్రీ పోయిందని కన్నీళ్లు పెట్టుకున్నాడని అక్కడున్న అడ్వెంటిస్టులు రాశారు. పశ్చాత్తాపం అనలేం సార్, ఎందుకంటే ఆమె జీవితం మీద ఆయన రాసిన విమర్శ పుస్తకం 1919లో, ఆయన చనిపోయిన ఏడాదే వచ్చింది, అందులో ఒక్క మెట్టు కూడా దిగలేదు. అయినా ఆ రోజు ఆయన అక్కడికి ఒంటరిగా పోలేదు. చివరిదాకా అడ్వెంటిస్టుగానే ఉండిపోయిన తోబుట్టువు ఒకాయన ఉన్నాడు, ఇద్దరూ కలిసే వెళ్లారు.