సెమాంటిక్ వెబ్ ప్రాజెక్టు మాన్పించి నాలెడ్జ్ గ్రాఫ్ కోర్సులో చేర్పించాలా?

ప్రశ్న: మా అమ్మాయి బీటెక్ సీఎస్‌ఈ మూడో సంవత్సరం. ప్రాజెక్టుకు సెమాంటిక్ వెబ్ తీసుకుంది. ఆంటాలజీ, ప్రాపర్టీలు, ఇన్ఫరెన్స్ రూల్స్ అంటూ రెండు నెలలుగా అదే పని. దాంతో ఉద్యోగాలు రావని సీనియర్లు అంటున్నారట. మా తోడల్లుడి కొడుకు జెనరేటివ్ ఏఐ నేర్చుకుని అప్పుడే ఆఫర్ తెచ్చుకున్నాడు. అమీర్‌పేటలో మూడు నెలల నాలెడ్జ్ గ్రాఫ్ కోర్సు ఉంది, ఫీజు 60 వేలు. సిలబస్ జత చేశాను. ప్రాజెక్టు మాన్పించి ఇందులో చేర్పించమంటారా? రెండింటిలో ఏది మేలో చెప్పగలరు. — ఒక తండ్రి, ఖమ్మం

జవాబు: మీరు అడిగింది రెండింటిలో ఏది మేలని. ఉత్తరం నిండా ఉన్నది మాత్రం వేరే భయం. క్యాంపస్ సెలక్షన్లలో అమ్మాయికి ఆఫర్ రాకపోతే బంధువుల్లో ఎలా తలెత్తుకోవాలన్నదే మీ దిగులు. ముందు దాని సంగతి చూద్దాం. ప్రాజెక్టు సబ్జెక్టును బట్టి క్యాంపస్ ఆఫర్ రావడం, పోవడం ఉండదు. మొదటి రౌండ్లలో ఆప్టిట్యూడ్, కోడింగ్ చూస్తారు. ప్రాజెక్టు ప్రస్తావన ఇంటర్వ్యూలోనే వస్తుంది. అక్కడ అడిగేది ఒక్కటే: ఇది నువ్వే చేశావా, ఎందుకిలా చేశావు? రెండు నెలలుగా ఒకే పని మీద కూర్చున్న పిల్ల ఆ ప్రశ్నకు జవాబు చెప్పగలదు. సగంలో మాన్పిస్తే ఆ జవాబు కూడా పోతుంది.

తోడల్లుడి కొడుకు మాట ఆమె ముందు ఎన్నిసార్లు ఎత్తారో నాకు తెలియదు. ఇకమీద ఎత్తకండి. మార్కులు, ఫీజులు, ఆఫర్లు పక్కింటి లెక్కలతో తూచడం మొదలుపెడితే పిల్లలు తమకు వచ్చిన పనిని కూడా దాచిపెడతారు. మీ ఉత్తరంలో ప్రాజెక్టు గురించి ‘అదే పని’ అన్న ఒక్క మాటే ఉంది. ఆ పని ఏమిటని ఆమెనే అడిగి ఉంటే ఈ ఉత్తరం సగానికి తగ్గేది.

ఆ పని ఏమిటో చెబుతాను. వెబ్‌లోని సమాచారాన్ని కంప్యూటర్లు కూడా అర్థం చేసుకునేలా రాసే పద్ధతే సెమాంటిక్ వెబ్. ఒక రంగంలోని విషయాలను, వాటి మధ్య సంబంధాలను కంప్యూటర్ తర్కించడానికి వీలుగా రాసిపెడితే అది ఆంటాలజీ. అందులో సంబంధం పేరే ప్రాపర్టీ. మన చుట్టరికాలే తీసుకోండి. ఒకరి తల్లి ఎవరో రాశాం, ఆ తల్లికి సోదరుడు ఎవరో రాశాం. మేనమామ ఎవరో ఎక్కడా రాయలేదు. ‘తల్లి’ వెంట ‘సోదరుడు’ వస్తే అది ‘మేనమామ’ అని ఒక్క ప్రాపర్టీ చెయిన్ ఇస్తే చాలు, రీజనర్ అనే ప్రోగ్రామ్ ఆ మూడో వాక్యాన్ని తానే తేలుస్తుంది. ‘మేనమామ’ను ‘మామయ్య’ కింద ఉపప్రాపర్టీగా పెట్టి, నాన్న, ఆయన సోదరి, ఆమె భర్త అనే ఇంకో చెయిన్‌ను కూడా ‘మామయ్య’కే కలిపితే రెండు వైపుల మామయ్యలూ వచ్చేస్తారు. ఆంటాలజీలు రాసే భాష పేరు ఔల్. ఈ చెయిన్ సదుపాయం 2004 నాటి మొదటి ఔల్‌లో లేదు, 2009లో ఔల్ 2తో వచ్చింది.

పెదనాన్న, బాబాయి దగ్గరకొస్తే చెయిన్ చాలదు. ఇద్దరూ నాన్న సోదరులే. ఎవరు పెద్దో తెలియాలంటే పుట్టిన సంవత్సరాలు పోల్చాలి, చెయిన్‌కు పోలికలు చేయడం రాదు. కాబట్టి రూల్ రాయాలి: ఒకరి నాన్న ఫలానా, ఆ నాన్నకు సోదరుడు ఫలానా, సోదరుడి పుట్టిన సంవత్సరం నాన్న సంవత్సరం కన్నా తక్కువ, అయితే ఆ సోదరుడు పెదనాన్న. దీన్ని ఔల్‌కు తోడుగా వాడే స్వ్రల్ అనే రూల్ భాషలో రాస్తారు. పిల్లలు చాలామంది ఆగిపోయేది ఇక్కడే. ఆంటాలజీలు తయారుచేసే సాఫ్ట్‌వేర్ ప్రొటెజెతో పాటు వచ్చే హెర్మిట్ రీజనర్ స్వ్రల్ రూల్స్ నడుపుతుంది కానీ ‘తక్కువ’, ‘ఎక్కువ’ లాంటి బిల్టిన్ పోలికలను నడపదు. పెల్లెట్ అనే ఇంకో రీజనర్ నడుపుతుంది, దాన్ని ప్లగిన్‌గా వేసుకోవాలి. రూల్ తప్పనుకుని వారం రోజులు దాన్నే తిరగరాస్తుంటారు, తప్పు రీజనర్ ఎంపికలో ఉంటుంది. ఎల్క్ అనే మూడో రీజనర్ ఎంచుకుంటే ఇంకో ఇబ్బంది. అది వేగంగా పనిచేస్తుంది కానీ ఇన్వర్స్ (తిరగేసిన సంబంధం), సిమెట్రిక్ (రెండు వైపులా ఒకేలా ఉండే సంబంధం), ఫంక్షనల్ (ఒకరికి ఒక్కటే ఉండే సంబంధం) ప్రాపర్టీలు దాని పరిధిలో లేవు. వాటిని వదిలేసి ముందుకు పోతుంది, రావాల్సిన ఫలితాలు రావు.

ఇక్కడి నుంచి కొంత భాగం అమ్మాయి చేత చదివించండి. ప్రాజెక్టు రివ్యూలో దొరికిపోయే తప్పులు ఇవే.

మొదటిది డొమైన్, రేంజ్, అంటే ఒక ప్రాపర్టీ ఎలాంటివాళ్ల నుంచి ఎలాంటివాళ్లకు వెళ్తుందో చెప్పేవి. ‘తల్లి’కి రేంజ్ ‘స్త్రీ’ అని ఇచ్చి, డేటాలో పొరపాటున తల్లి స్థానంలో రామయ్య పేరు పడిందనుకుందాం. డేటాబేస్‌కు అలవాటు పడినవాళ్లు ఎర్రర్ వస్తుందని చూస్తారు. రాదు. రామయ్య స్త్రీ అని రీజనర్ నిర్ధారిస్తుంది. డొమైన్, రేంజ్‌లు కాపలా కాసేవి కావు, కొత్త విషయం తేల్చే సూత్రాలు. ‘స్త్రీ’, ‘పురుషుడు’ క్లాసులు (రకాలు) ఒకదానికొకటి డిస్‌జాయింట్, అంటే ఎవరూ రెండింటిలోనూ ఉండరని ప్రకటించి, రామయ్య పురుషుడని కూడా రాసి ఉంటేనే వైరుధ్యం బయటపడుతుంది. డేటాను నిజంగా తనిఖీ చేయాలంటే డేటా పాటించాల్సిన నియమాలు రాసే షాకల్ భాష వాడాలి. అది 2017లో, వెబ్ ప్రమాణాలు రూపొందించే డబ్ల్యూ3సీ సంస్థ ప్రమాణమైంది.

దీనికి తోడుగా వచ్చేది రెండు డొమైన్‌ల తప్పు. ‘జీవిత భాగస్వామి’ ప్రాపర్టీకి స్త్రీ అయినా కావచ్చు, పురుషుడైనా కావచ్చు అనుకుని డొమైన్‌లో రెండు క్లాసులు రెండు వరుసల్లో చేరుస్తారు. రీజనర్ దాన్ని ‘రెండూ’ అని చదువుతుంది. పెళ్లయిన ప్రతి మనిషీ స్త్రీ, పురుషుడు రెండూ అవుతారు, డిస్‌జాయింట్ ఉంటే ఆంటాలజీ మొత్తం ఇన్‌కన్సిస్టెంట్ (తనలో తానే వైరుధ్యం ఉన్నది) అవుతుంది. రెండింటినీ ‘లేదా’తో కలిపి ఒకే వరుసలో రాయాలి, లేదంటే ‘వ్యక్తి’ అని ఊరుకోవాలి.

ఫంక్షనల్ ప్రాపర్టీ ఇంకా నిశ్శబ్దంగా దెబ్బతీస్తుంది. ‘తల్లి’ ఒక్కరే కాబట్టి ఫంక్షనల్ అంటారు, సరే. ఒక రికార్డులో తల్లి సీతమ్మ, ఇంకో రికార్డులో అదే పిల్లవాడికి తల్లి లక్ష్మమ్మ అని ఉంటే రీజనర్ తప్పు పట్టదు, ఇద్దరూ ఒకరే అని తేల్చేస్తుంది. పేర్లు వేరైతే మనుషులు వేరని ఔల్ అనుకోదు. వేరని మనం చెప్పాలి. చెప్పకపోతే సీతమ్మ అన్నదమ్ములంతా లక్ష్మమ్మకూ అన్నదమ్ములైపోతారు, అక్కడి నుంచి లేని మేనమామలు పుట్టుకొస్తారు.

‘తోబుట్టువు’ను సిమెట్రిక్, ట్రాన్సిటివ్ (ఒకరి నుంచి రెండోవారికి, వారి నుంచి మూడోవారికి సాగేది) రెండూ చేయడం బాగా కనిపించే తప్పు. రాముడికి లక్ష్మణుడు, లక్ష్మణుడికి రాముడు, అంటే రాముడికి రాముడే తోబుట్టువు. దీన్ని ఆపుదామని ఇర్‌రిఫ్లెక్సివ్ (ఎవరూ తమకు తామే కారు అనే గుర్తు) పెడితే, రీజనర్ల కోసం నియమాలు బిగించిన ఔల్ 2 డీఎల్ ఒప్పుకోదు, ట్రాన్సిటివ్ ప్రాపర్టీ మీద ఆ గుర్తు పెట్టకూడదు. పదిమంది తోబుట్టువులుంటే రీజనర్ తేల్చే ట్రిపుల్స్ (వాక్యాలు) 100, అందులో పది తమకు తామే. ట్రాన్సిటివ్ తీసేసి, ఒకే తల్లి ఉన్న ఇద్దరు వేర్వేరు మనుషులు తోబుట్టువులు అని రూల్ రాస్తే సరిపోతుంది. అయితే స్వ్రల్‌లో ‘వేర్వేరు’ అన్నది పనిచేయాలంటే ఆ మనుషులు వేరని డేటాలోనే ప్రకటించి ఉండాలి. జావాలో వాడే అపాచీ జెనా లైబ్రరీ సొంత రూల్ ఇంజన్‌లో ‘సమానం కాదు’ అనే బిల్టిన్ నోడ్‌లను (డేటాలోని పేర్లను) నేరుగా పోలుస్తుంది, కాబట్టి ప్రకటన లేకపోయినా నడుస్తుంది. జెనాకు మారేటప్పుడు ఇంకో సంగతి: దాని లోపలి ఔల్ రీజనర్ మొదటి ఔల్ కాలంనాటిది, ప్రాపర్టీ చెయిన్‌లను పట్టించుకోదు. ప్రొటెజెలో కనిపించిన మేనమామ జెనాలో మాయమైతే కంగారు పడక్కర్లేదు. అదే చెయిన్‌ను జెనా రూల్‌గా తిరిగి రాయాలి, లేదా ఓపెన్‌లెట్ అనే రీజనర్ తగిలించాలి. పైథాన్‌లో చేస్తుంటే, అక్కడ వాడే ఆర్‌డీఎఫ్‌లిబ్ లైబ్రరీ తనంతట తాను ఏ తర్కమూ చేయదు, ఓడబ్ల్యూఎల్-ఆర్‌ఎల్ లైబ్రరీ కలపాలి.

మేనమామ లేనివాళ్లెవరని అడిగితే ఔల్ చెప్పదు. రాయనిది లేదని అది అనుకోదు, ఇంకా తెలియదని అనుకుంటుంది. ఆ ప్రశ్న స్పార్కల్ అనే క్వెరీ భాషలో వేయాలి.

ఇప్పుడు మీరు పంపిన సిలబస్. విషయాలను చుక్కలుగా, సంబంధాలను వాటి మధ్య గీతలుగా పెట్టిన డేటానే నాలెడ్జ్ గ్రాఫ్. నియోఫోర్‌జే అనే గ్రాఫ్ డేటాబేస్ ఇన్‌స్టాల్ చేయడం, దాని సైఫర్ భాషలో క్వెరీలు, ఎల్‌ఎల్‌ఎంతో (చాట్‌బాట్‌ల వెనుక ఉండే భాషా మోడల్‌తో) పీడీఎఫ్‌ల నుంచి సంబంధాలు లాగడం, గ్రాఫ్‌రాగ్ (గ్రాఫ్ నుంచి సమాచారం తీసి ఆ మోడల్‌కు అందించే పద్ధతి) డెమో, చివర్లో ఆంటాలజీకి ఒక్క రోజు. ఇవి పనికిరానివని అనను. సైఫర్ నేర్చుకోవడం మంచిదే. కానీ ఈ కోర్సుల మీద నాకు గట్టి అనుమానాలున్నాయి. మైక్రోసాఫ్ట్ రీసెర్చ్ 2024లో గ్రాఫ్‌రాగ్‌ను బయటపెట్టినప్పటి నుంచి నాలెడ్జ్ గ్రాఫ్ అన్న పేరుకు గిరాకీ పెరిగింది. కోర్సులో పిల్లలు చేసేది మాత్రం వాక్యాల్లోంచి మోడల్ లాగిన ముక్కలను గీతలతో కలపడం. ఒక పీడీఎఫ్‌లో ‘మామ’ అని, ఇంకోదాంట్లో ‘మేనమామ’ అని, మూడోదాంట్లో ‘అమ్మ తమ్ముడు’ అని ఉంటే మూడు వేర్వేరు గీతలు పడతాయి. వాటిని ఒక్కటిగా చూడాలంటే ఎవరో ఒకరు కూర్చుని ప్రాపర్టీలు నిర్వచించాలి. నియోఫోర్‌జే తనంతట తాను ఔల్ తర్కం చేయదు. మీ అమ్మాయి ఇప్పుడు నేర్చుకుంటున్నది ఆ కోర్సు దాటేసిన భాగమే. నియోఫోర్‌జే, సైఫర్ నేర్చుకోవడానికి ఉచిత డాక్యుమెంటేషన్ చాలు. ఎస్‌క్యూఎల్ వచ్చినవాళ్లకు రెండు, మూడు వారాల పని. దానికి 60 వేలు పోయడం నాకు సమ్మతం కాదు.

అలాగని సెమాంటిక్ వెబ్‌ను నెత్తిన పెట్టుకోమని కూడా చెప్పను. సీనియర్ల మాటలో నిజం ఉంది. 2001లో టిమ్ బర్నర్స్-లీ, జేమ్స్ హెండ్లర్, ఓరా లసిలా సైంటిఫిక్ అమెరికన్ పత్రికలో ఊహించిన వెబ్, అంటే మన తరఫున సాఫ్ట్‌వేర్ ఏజెంట్లు డాక్టర్ అపాయింట్‌మెంట్లు కుదిర్చే వెబ్, ఆ రూపంలో రాలేదు. ఆంటాలజిస్ట్ అన్న హోదాతో ఫ్రెషర్‌ను తీసుకునే చోట్లు చాలా తక్కువ, ఆ పనికి ఎక్కువగా అనుభవమో, పీజీయో అడుగుతారు. ఆమె మొదటి ఉద్యోగం బహుశా డేటా ఇంజినీర్‌గానో, జావా డెవలపర్‌గానో ఉంటుంది. అది ఇప్పుడే ఆమెకు తెలిసి ఉండటం మంచిది.

అయినా ఈ విద్య పోలేదు. సెర్చ్ ఇంజన్లు చదివే స్కీమా డాట్ ఆర్గ్ పదజాలం 2011 నాటిది, గూగుల్ నాలెడ్జ్ గ్రాఫ్, వికీడేటా రెండూ 2012లో వచ్చాయి. ఆసుపత్రి రికార్డుల్లో వాడే స్నోమెడ్ సీటీలో మూడున్నర లక్షలకు పైగా కాన్సెప్టులున్నాయి, వాటి వర్గీకరణ వెనుక ఉన్నది మీ అమ్మాయి వాడుతున్న రకం రీజనరే. మన దేశం 2014 నుంచి అందులో సభ్యదేశం, దాని జాతీయ విడుదల కేంద్రం పుణేలోని ప్రభుత్వ కంప్యూటర్ పరిశోధన సంస్థ సీ-డాక్‌లో ఉంది. మందుల కంపెనీలు, ఆసుపత్రులు, బ్యాంకుల డేటా పనుల్లో ఈ తర్ఫీదు ఉన్నవాళ్లకు చేయడానికి పని ఉంటుంది. ఎంఎస్ ఆలోచన ఉంటే మాంచెస్టర్, డ్రెస్డెన్, ఆమ్‌స్టర్‌డామ్‌లలో ఈ రంగంలో లోతుగా పనిచేసిన విభాగాలున్నాయి.

ఆమె చేయాల్సింది ఇది. మొదట పది ప్రశ్నలు రాసుకోవాలి, ఈ ఆంటాలజీ వేటికి జవాబు చెప్పాలో అవే. తర్వాత ఒక్కో ప్రాపర్టీ చేర్చిన ప్రతిసారీ రీజనర్ నడపాలి. ఇరవై చేర్చాక నడిపితే ఏది పాడుచేసిందో తెలియదు. తేలిన ప్రతి వాక్యం పక్కన ప్రొటెజెలో ప్రశ్నార్థకం గుర్తు ఉంటుంది, నొక్కితే ఏయే సూత్రాల వల్ల ఆ ఫలితం వచ్చిందో చూపిస్తుంది. ఇంటర్వ్యూకు ఆ స్క్రీన్ ఒక్కటి చాలు. ప్రొటెజె నేర్చుకునేవాళ్లంతా చేసే పిజ్జా ఆంటాలజీ ట్యుటోరియల్‌ను ప్రాజెక్టుగా రెజ్యూమెలో రాయొద్దని చెప్పండి, ఈ రంగం తెలిసినవాళ్లంతా దాన్ని చేసినవాళ్లే. చివరగా, అవే పది ప్రశ్నల్లో మూడింటికి రికర్సివ్ (తమను తామే మళ్లీ పిలుచుకునే) క్వెరీలతో ఎస్‌క్యూఎల్‌లోనూ జవాబు రాయాలి. ఏది ఎక్కడ తేలికైందో, ఎక్కడ బరువైందో చెప్పగలిగితే డేటా ఇంజినీర్ ఇంటర్వ్యూలో ఆమె మాట వింటారు. దీనితో పాటు రోజుకు గంట కోడింగ్ సాధన మానకూడదు.

సాఫ్ట్‌వేర్ ఖర్చేమీ లేదు, ప్రొటెజె, జెనా, పైథాన్ లైబ్రరీలు అన్నీ ఉచితం. 8 జీబీ ర్యామ్ ల్యాప్‌టాప్ ఈ ప్రాజెక్టుకు చాలు.

పైన చెప్పిన చుట్టరికాలనే ప్రాజెక్టుకు అంశంగా పెట్టుకుంటే ఆమెకు కొరతగా ఉండేది డేటా, అది మీ దగ్గరుంది. ఒక ఆదివారం కూర్చుని మీ రెండు వైపులా నాలుగు తరాల పేర్లు, పుట్టిన సంవత్సరాలు చెప్పండి. 40 మంది చాలు. సంవత్సరం తెలియకపోతే ఊహించి చెప్పకండి, ఖాళీ వదిలేయించండి, ఆ మనిషి విషయంలో పెదనాన్న రూల్ ఏమీ తేల్చదు, అదే సరైనది. ఒకే ఏడాది పుట్టిన అన్నదమ్ములుంటే నెల, తేదీ కూడా కావాలి. మీ వంశంలో దత్తత ఉంటే తప్పక చెప్పండి, ‘కన్న తల్లి’, ‘పెంచిన తల్లి’ అని రెండు ప్రాపర్టీలు విడదీయకపోతే ఫంక్షనల్ గుర్తు ఆ ఇద్దరినీ ఒకరిని చేస్తుంది. మేనరికాలు ఉంటే అవి కూడా చెప్పండి. మేనమామను చేసుకున్న ఇంట్లో ఒకే మనిషి ఒకామెకు మేనమామ, భర్త రెండూ అవుతాడు. ‘మేనమామ’, ‘భర్త’ డిస్‌జాయింట్ ప్రాపర్టీలని ఆమె ఇప్పటికే రాసి ఉంటే, డేటా ఎక్కించకముందే ఆ ప్రకటన తీసేయాలి.