ఉగాది సెలవుల్లో పిడుగులు, వడగళ్ళ హెచ్చరిక: ముందు ఏ పని చూసుకోవాలి?

ప్రశ్న: సార్, మాది జగిత్యాల జిల్లా. రెండెకరాల మక్క కంకులు విరిచి కల్లంలో ఆరబోసినం. మూడెకరాల మామిడి తోటలో కాయ నిమ్మకాయంత ఉంది. ఎకరంన్నర వరి ఈనిక మీద ఉంది. ఇరవై గొర్రెలున్నాయి. ఉగాదికి ముందురోజు నుంచి మూడు రోజులు ఉరుములు, ఈదురుగాలులు, అక్కడక్కడ వడగళ్ళు అని ఆరెంజ్ హెచ్చరిక వచ్చింది. పండక్కి కూలీలు దొరకరు. చాలా టెన్షన్‌గా ఉంది. ముందే ఏదైనా మందు కొట్టాలా? మామిడికాయ తెంపెయ్యాలా?

జవాబు: మందు కొట్టొద్దు, కాయ తెంపొద్దు. వడగళ్ళను ఆపే మందు ఏదీ లేదు. వానకు ముందు కొట్టింది కడుక్కుపోతుంది, డబ్బు దండగ. నిమ్మకాయంత కాయకు మార్కెట్లో ధర రాదు. అదీగాక వడగళ్ళు సన్నటి పట్టీలా పడతాయి, పక్క ఊళ్ళో పడినా మీ తోటలో పడకపోవచ్చు. ఆరెంజ్ అంటే సిద్ధంగా ఉండమని అర్థం, జిల్లాలో ప్రతి ఊరికీ నష్టం తప్పదని కాదు. ఇప్పుడు మీరు కచ్చితంగా కాపాడుకోగలిగినవి రెండే: కల్లంలో మక్కలు, మనుషుల పశువుల ప్రాణాలు. కూలీలు దొరికే ఈ ఒకటి రెండు రోజులూ వాటి మీదే పెట్టండి.

2023లో కూడా సరిగ్గా ఉగాదికి ముందు వారంలోనే వడగళ్ళ వానలు పడి తెలంగాణలో రెండు లక్షల ఎకరాలకు పైగా పంట పోయింది. అందులో మక్క వాటా పెద్దది. ఈ రోజుల్లో బంగాళాఖాతం తేమగాలి, వాయవ్యం నుంచి వచ్చే పొడిగాలి మన మీద కలుస్తాయి. కింద నేల కాగి ఉంటుంది కాబట్టి మబ్బు నిట్టనిలువుగా లేస్తుంది. అందుకే పొద్దున ఎండ ఫెళ్ళున కాస్తుంటే వాన రాదులే అనుకోవద్దు. ఎక్కువగా మధ్యాహ్నం రెండు దాటాకే మొదలవుతుంది. కల్లం పని పన్నెండు గంటలకల్లా ముగించండి.

పండగ లోపు అయిపోవాలని పచ్చి కంకులను గింజ ఒలిచే మిషన్‌కు వేయకండి. తేమ ఎక్కువుంటే గింజ పగులుతుంది, పగిలిన గింజకే మొదట బూజు పడుతుంది. కంకిగా ఉంటే గాలి ఆడుతుంది, గింజగా తడిస్తే ఒకదానికొకటి అంటుకుని లోపల వేడెక్కుతుంది. కంకులను ఎత్తైన చోటికి చేర్చి, మధ్యలో ఎత్తుగా, రెండు వైపులా నీళ్ళు జారేలా కుప్ప వేయండి. చుట్టూ జానెడు లోతు కాలువ తీయండి. పైన టార్పాలిన్ కప్పి, అంచుల మీద ఇసుక సంచులు పెట్టండి. రాళ్ళు పెడితే ఈదురుగాలికి పట్టా లేచి చిరుగుతుంది.

చాలామంది చేసే పొరపాటు ఆ తర్వాతే ఉంది. వాన వెలిసినా, మళ్ళీ వస్తుందేమోనని పట్టా తీయరు. రెండు రోజులు అలా ఉంటే లోపల ఆవిరి పట్టి, గింజ మొన దగ్గర ఆకుపచ్చ బూజు కనిపిస్తుంది. ఆ బూజుతో అఫ్లాటాక్సిన్ విషం చేరుతుంది. కోళ్ళ దాణావాళ్ళు ఆ సరుకు తీసుకోరు, మీరు కూడా గొర్రెలకు పెట్టకూడదు. ఎండ రాగానే పట్టా తీసి, కుప్పలో మోచేయి దాకా చెయ్యి పెట్టి చూడండి. వెచ్చగా తగిలితే వెంటనే పలచగా పరచాలి. తేమ 14 శాతానికి దిగాకే సంచులకు ఎత్తండి.

గొర్రెల సంగతి. ఉరుము వినబడితే కాపరి మందను చెట్టు కిందికి తోలుతాడు, అదే ప్రమాదం. చెట్టు మీద పిడుగు పడితే కరెంటు నేలలో పాకి, నాలుగు కాళ్ళ జీవాలను ఒక్కసారిగా పడేస్తుంది. ఆ మూడు రోజులూ మధ్యాహ్నానికే మందను ఇంటికి తోలుకురండి. మెరుపుకూ ఉరుముకూ మధ్య 30 లెక్కపెట్టేలోపే శబ్దం వచ్చిందంటే పిడుగు పది కిలోమీటర్ల లోపే ఉందని అర్థం. చివరి ఉరుము తర్వాత అరగంట దాకా బయటికి రావద్దు, మోటారు ఆపడానికి కూడా. ఫోన్‌లో దామిని యాప్ పెట్టుకుంటే దగ్గర్లోని పిడుగుల హెచ్చరిక వస్తుంది. ఎవరికైనా పిడుగు తగిలితే ముట్టుకోవడానికి భయపడకండి, ఆ ఒంట్లో కరెంటు ఉండదు. శ్వాస ఆడకపోతే వెంటనే ఛాతీ నొక్కడం మొదలుపెట్టి, 108కి ఫోన్ చేయించండి.

ఇంకో మాట. వాన పడ్డాక జొన్న మోళ్ళకు వచ్చే లేత పిలకలను గొర్రెలను మేయనివ్వకండి. వాటిలో సైనైడ్ విషం ఉంటుంది. మేసిన కాసేపటికే వణికి పడిపోతాయి.

వరిలో యూరియా వాన తర్వాతకు వాయిదా వేయండి. గట్టు తూములు తెరిచి పెట్టుకోండి. వెలిశాక గింజ రంగు మారే తెగులు రాకుండా లీటరుకు 1 మి.లీ. ప్రొపికొనజోల్ కలిపి సాయంత్రం కొట్టండి. పొద్దున పూత విచ్చుకునే వేళ మాత్రం వద్దు. పడిపోయిన దుబ్బులను నాలుగైదు కలిపి లేపి కట్టండి.

మామిడిలో వడగళ్ళు పడితేనే పని. రాలిన కాయలు ఏరేసి, ఆకు ఆరాక రెండు మూడు రోజుల్లో లీటరుకు 3 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్ కొట్టండి. దెబ్బ తగిలిన కాయకు మచ్చ తెగులు అంటకుండా ఉంటుంది. వారం తర్వాత లీటరుకు 10 గ్రాముల 13-0-45 (పొటాషియం నైట్రేట్ ఎరువు) పిచికారీ చేస్తే మిగిలిన కాయ ఊరుతుంది.

నష్టం 33 శాతం దాటితేనే పరిహారానికి లెక్కలోకి వస్తుంది. కాబట్టి పొలం శుభ్రం చేయకముందే ఫొటోలు తీసి, పండగ రోజైనా సరే ఆగకుండా మీ ఏఈఓకు (వ్యవసాయ విస్తరణ అధికారికి) ఫోన్ చేసి చెప్పండి.