భజన పుస్తకం స్టాండుకు ఎలాంటి లైటు?

ప్రశ్న: మా మండలి రాత్రి భజనలకు చుట్టుపక్కల ఊళ్లు తిరుగుతుంది. హార్మోనియం పక్కన స్టాండు మీద పాటల పుస్తకం పెడతాం. కరెంటు పోతే అక్షరాలు కనబడవు. ఛార్జింగ్ క్లిప్పు లైటు కొనేటప్పుడు ఏం చూడాలి?
– పాఠకుడు, దేవరకొండ

జవాబు: తెరిచిన పుస్తకానికి రెండు తలలున్న లైటే తీసుకోండి. ఒక్క తలదైతే అవతలి పేజీ అంచు చీకట్లోనే ఉంటుంది. బ్యాటరీ లెక్క తేలికే. 1000 ఎంఏహెచ్ బ్యాటరీ నుంచి లైటు 200 మిల్లీయాంపులు లాగితే లెక్కకు 5 గంటలు; మీరు 4 గంటలే నమ్ముకోండి. తెల్లవార్లూ భజనైతే 2000కు తగ్గొద్దు. పవర్ బ్యాంకుతో వెలిగిద్దామనుకుంటే దుకాణంలోనే పెట్టి చూడండి: కొన్ని లైట్లు ఛార్జింగ్ పెట్టగానే ఆరిపోతాయి, కొన్ని పవర్ బ్యాంకులు ఇంత తక్కువ వాడకానికి వాటంతటవే ఆగిపోతాయి.

వెలుతురు తగ్గించి ఫోన్ కెమెరాలో చూడండి. నల్ల చారలు కదిలితే ఆ లైటు వద్దు, కాసేపటికే కళ్లు లాగుతాయి. 3000 కెల్విన్ పసుపు వెలుగు మేలు; వానాకాలం పురుగులు తెల్ల లైటుకే ఎక్కువ ముసురుతాయి. ప్లాస్టిక్ కవర్లలోని పేజీలు మెరుస్తుంటే తలల్ని పక్కలకు వంచండి. క్లిప్పును పుస్తకానికి కాదు, స్టాండు రేకుకే పట్టించండి. మడత స్టాండు మరీ తేలికదైతే లైటు బరువుకు వెనక్కి ఒరుగుతుంది. ముందు కాలి మీద ఇటుక పెట్టండి.