మెదడును యంత్రంలోకి మారిస్తే, అక్కడ మేలుకునేది నేనేనా?

ఎలా మారుస్తారన్నదాన్ని బట్టి ఉంటుంది. కొంచెం కొంచెంగా మారిస్తే పెద్ద పేచీ లేదు. చెవుడొచ్చాక కాక్లియర్ ఇంప్లాంట్ (చెవి లోపల అమర్చే వినికిడి పరికరం) పెట్టించుకున్న కందుకూరు పెద్దాయనకు ఎలక్ట్రోడ్లు నేరుగా శ్రవణనాడిని ప్రేరేపిస్తాయి. మొదట్లో మనుషుల మాట గరగరమని వినిపిస్తుంది, నెలల సాధనతో మెదడు అలవాటు పడుతుంది. అంతమాత్రాన ఆయన వేరే మనిషైపోయాడని ఇంట్లో ఎవరూ అనరు.

చిక్కంతా నకలు తీసినప్పుడే. కావలిలో మీరు బతికుండగానే మీ మెదడు నకలు నెల్లూరు సర్వర్‌లో మేలుకుందనుకోండి. తత్వవేత్త జాన్ లాక్ అన్నట్టు జ్ఞాపకమే ఆనవాలైతే ఇద్దరూ మీరే. కానీ మరుక్షణం నుంచే దారులు వేరు: రాత్రి మీరు తిన్న చేపల పులుసు దానికి తెలియదు. మరి పొలం ఎవరి పేరున ఉండాలి? నా లెక్కలో అది మీ జ్ఞాపకాలున్న మరో మనిషి. మీ శరీరాన్ని ఆపేస్తే చనిపోయేది మీరే. మరో తత్వవేత్త డెరెక్ పార్ఫిట్ మాత్రం 'నేనేనా' అన్నదానికన్నా మానసిక కొనసాగింపే ముఖ్యమన్నాడు.

ఆచరణలో ఇదంతా చాలా దూరం. సీ. ఎలిగాన్స్ అనే మిల్లీమీటరు పురుగుకు ఉన్నవి 302 న్యూరాన్లు (నాడీకణాలు). వాటి అనుసంధాన పటం 1986లోనే వచ్చినా, దాని ప్రవర్తనను కంప్యూటర్‌లో పూర్తిగా తేలేకపోయారు. పటంలో తీగలు కనిపిస్తాయి గానీ, రెండు న్యూరాన్లు కలిసే ఏ సంధి ఎంత బలంగా పనిచేస్తుందో కనిపించదు. మనకు దాదాపు 8,600 కోట్ల న్యూరాన్లు.